‘ట్రోపా డి ఎలీట్ 2’: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా మిత్రుడి ఇంటి డాబా మీద నెలకో ఆదివారం రాత్రి సినిమా వేసుకుంటాం. గోడకు తెల్ల దుప్పటి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు, ఇరవై మంది దాకా జనం. బ్రెజిల్ పోలీసు సినిమా ‘ట్రోపా డి ఎలీట్ 2’ను ఇప్పటికి మూడుసార్లు వేశాం. మూడుసార్లూ అవే సందేహాలు. చూసి వెళ్లినవాళ్లు తమ్ముళ్లకూ మేనల్లుళ్లకూ చెబుతారు, వాళ్లు ఎక్కడో చూసి మళ్లీ నాకే ఫోన్ చేస్తారు. చెప్పిందే చెప్పీ చెప్పీ గొంతు పోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు చూసుకోవచ్చు. వరసగా చదవనక్కర లేదు.

## చూడబోయే ముందు

మొదటి భాగం చూడకుండా నేరుగా రెండోది చూస్తే అర్థమవుతుందా?

అవుతుంది. 2007లో వచ్చిన మొదటి భాగం 1997 నాటి రియో డి జనీరోలో జరుగుతుంది. పోప్ ఆ నగరానికి వస్తున్నాడు, ఆయన బస చేసే చోటికి దగ్గర్లోని మురికివాడను పోలీసులు ‘శుభ్రం’ చేయాలి. ప్రత్యేక పోలీసు దళం ‘బోపె’లో కెప్టెన్ అయిన నాసిమెంతోకు బిడ్డ పుట్టబోతున్నాడు, తన స్థానంలోకి ఎవరినైనా తయారు చేసి తప్పుకోవాలని చూస్తుంటాడు. అలా తయారైనవాడే మాతియాస్. రెండో భాగానికి ఇంత తెలిస్తే చాలు. అప్పుడు పుట్టిన బిడ్డ ఇందులో కుర్రవాడు, నాసిమెంతో పెద్ద అధికారి, భార్య విడాకులు తీసుకుని వెళ్లిపోయింది.

అయినా రెండూ చూడగలిగితే వరసలోనే చూడండి. మొదటిది చూసి నాసిమెంతోను ఆరాధించినవాళ్లకే రెండోది గట్టిగా తగులుతుంది.

పేరు ఎలా పలకాలి? ఒక్కొక్కరు ఒక్కో రకంగా అంటున్నారు.

రియోవాళ్లు పలికేది దాదాపు ‘ట్రోపా జి ఎలీచి’ అని. మనం ‘డి ఎలీట్’ అన్నా తప్పేమీ లేదు. ఏరికోరి తెచ్చిన దళం అని అర్థం. రెండో భాగానికి ఉపశీర్షిక కూడా ఉంది: ఇప్పుడు శత్రువు వేరే అని. సినిమా సారమంతా ఆ ముక్కలోనే ఉంది కానీ, పోస్టరు మీద దాన్ని ఎవరూ చదవరు.

ఇది నిజంగా జరిగిన కథేనా?

కల్పితమే. వాస్తవంతో పోలికలు కనిపించినా ఇది కల్పన అని సినిమా మొదట్లోనే తెర మీద వేస్తారు. మా డాబా మీద ఆ మాట చదవగానే ఎవరో ఒకరు నవ్వుతారు.

కానీ దాని కింద ఉన్న నేల నిజం. రియోలో పోలీసులు, మాజీ పోలీసులు, జైలు కాపలాదారులు కలిసి నడిపే ముఠాలను అక్కడ ‘మిలీసియా’ అంటారు. 2008 మేలో బతాన్ అనే బస్తీలో రహస్యంగా ఉండి వార్తలు సేకరిస్తున్న ‘ఓ దియా’ పత్రిక బృందాన్ని అలాంటి ముఠా పట్టుకుని చిత్రహింసలు పెట్టింది. ఆ గొడవ తర్వాతే రియో శాసనసభ ఈ ముఠాల మీద విచారణ సంఘం వేసింది. దాని నివేదిక 200 మందికి పైగా వ్యక్తుల మీద చర్య తీసుకోవాలని చెప్పింది, అందులో ప్రజాప్రతినిధులు కూడా ఉన్నారు. సినిమా రచనలో భాగస్వామి అయిన రొద్రిగో పిమెంతెల్ ఒకప్పుడు నిజమైన బోపె దళంలోనే కెప్టెన్.

పిల్లలతో కలిసి చూడవచ్చా?

వద్దు. రక్తం ఒక్కటే కారణం కాదు. ఒక హత్య తర్వాత శవాలను గుర్తు పట్టకుండా చేసే దృశ్యం ఉంది. పెద్దవాళ్లకే ఆ రాత్రి నిద్ర పట్టదు. బూతులు కూడా ధారాళంగా ఉంటాయి, పోర్చుగీసులో కాబట్టి చెవికి తగలవు గానీ కింద అక్షరాల్లో కనిపిస్తాయి.

ఆ దేశంలో ఇది నిజంగా అంత పెద్ద హిట్టా?

2010 అక్టోబరు 8న విడుదలైంది, కోటీ పది లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. 1976 నుంచి చెక్కు చెదరని పాత రికార్డు పోయింది. మొదటి భాగం విడుదలకు ముందే దొంగ డీవీడీల్లో వీధివీధికీ చేరిపోయింది కాబట్టి, రెండోసారి ప్రింటును ప్రాణం పెట్టి కాపాడుకున్నారు. ఆ మొదటి భాగమే 2008లో బెర్లిన్ సినిమా ఉత్సవంలో పెద్ద బహుమతి బంగారు ఎలుగుబంటి గెలిచింది. రెండోదాన్ని బ్రెజిల్ ఆస్కారుకు పంపింది, నామినేషన్ రాలేదు. (ఈ సంగతి చెప్పగానే ‘అన్నా, లింకు పంపవా’ అని అడిగేవాళ్లున్నారు. పంపను.)

## చూస్తున్నప్పుడు

మిలిటరీ పోలీసులంటే సైన్యమా? మరి వాళ్లు రోడ్ల మీద బండ్లు ఆపడమేమిటి?

సైన్యం కాదు. బ్రెజిల్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు పోలీసు శాఖలు ఉంటాయి. యూనిఫాం వేసుకుని గస్తీ తిరిగేది మిలిటరీ పోలీసు, కేసు దర్యాప్తు చేసేది సివిల్ పోలీసు. రెండూ రాష్ట్ర గవర్నరు చేతి కిందే ఉంటాయి. అక్కడి గవర్నరు మన రాజ్‌భవన్ గవర్నరు లాంటివాడు కాదు, ఓట్లతో గెలిచినవాడు, మన లెక్కలో ముఖ్యమంత్రి. ఇది తెలియకపోతే సగం సినిమా తికమకగా ఉంటుంది. గవర్నరుకు ఎన్నికల భయం ఎందుకని మావాళ్లు మొదటిసారి అడిగారు.

బోపె అంటే మన గ్రేహౌండ్స్ లాంటిదా?

పోలిక కొంతవరకే. రెండూ ప్రత్యేక శిక్షణ పొందిన పోలీసు దళాలు. 1989లో ఏర్పడ్డ గ్రేహౌండ్స్‌ది అడవి, నక్సలైట్ల కోసం వెతుకులాట. బోపెది నగరం. కొండవాలు మీద ఇళ్ల మీద ఇళ్లు కట్టుకున్న బస్తీలో, మనిషి పక్కకు తిరిగితే భుజం గోడకు తగిలే సందుల్లో వాళ్ల పని. నల్ల యూనిఫాం, కత్తి దిగిన పుర్రె వాళ్ల గుర్తు. పోలీసు దళానికి పుర్రె గుర్తేమిటని మా డాబా మీద ఒక పెద్దావిడ అడిగారు. ఆమె అడిగిన ప్రశ్న బ్రెజిల్‌లోనూ చాలామంది అడిగారు.

జైలు సన్నివేశంలో అసలు తప్పు ఎవరిది?

ఖైదీలు తిరగబడి ప్రత్యర్థి ముఠావాళ్లను చంపుతుంటారు. మానవ హక్కుల కార్యకర్త ఫ్రాగా మాట్లాడటానికి లోపలికి వెళ్తాడు. ముఠా నాయకుణ్ణి దాదాపు ఒప్పించే సమయానికి మాతియాస్ అతన్ని కాల్చేస్తాడు. తప్పు ఒక్కడి మీద వేసి లేచిపోవాలనుకుంటే ఈ సినిమా సాయం చేయదు. జైల్లో ఒక ముఠా మరో ముఠాను చంపుకుంటే చంపుకోనీ అని కాసేపు ఊరుకున్న అధికారులున్నారు, అందులో నాసిమెంతో కూడా ఉన్నాడు. ఆ ఊరుకోవడాన్ని మర్చిపోకండి, కాల్పుల మోతలో అది సులువుగా జారిపోతుంది.

హోటల్లో జనం నాసిమెంతోకు చప్పట్లు కొడతారు. దర్శకుడు మనల్నీ కొట్టమంటున్నాడా?

మూడుసార్లు వేస్తే మూడుసార్లూ మా డాబా నిశ్శబ్దమైపోయిన చోటు ఇది.

జైల్లో అంతమంది చచ్చారు. గవర్నరు నాసిమెంతోను తీసేయమంటాడు. తీసేద్దామని అధికారులు అతన్ని వెంటబెట్టుకుని హోటల్లోకి వెళ్తారు. తినేవాళ్లు చెంచాలు పక్కన పెట్టి లేచి చప్పట్లు కొడతారు. వెంటనే రాజకీయ నాయకుల లెక్క మారిపోతుంది. ఇంత పేరున్నవాణ్ణి తీసేస్తే ఓట్లు పోతాయి. ఇంటి దారి పట్టాల్సిన మనిషి అలా భద్రతా శాఖలో నిఘా విభాగానికి పెద్ద అవుతాడు.

వరంగల్‌లో కూర్చుని ఈ దృశ్యం చూడటం వేరు. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ రోజుల వ్యవధిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊరంతా పండగ. కాలేజీ పిల్లలు పూలు పట్టుకుని వెళ్లారు. ఆ రోజు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు. ఆ అమ్మాయిలకు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పదకొండేళ్ల తర్వాత షాద్‌నగర్ దగ్గర మరో ఘోరమైన కేసులో నలుగురు నిందితులు అలాగే చనిపోయారు, మళ్లీ పూలు కురిశాయి. ఈసారి సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ విచారించి, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని నివేదిక ఇచ్చింది.

దర్శకుడు చప్పట్లు కొట్టమనడు, కొట్టవద్దనీ అనడు. కొట్టాక ఏమవుతుందో మిగతా గంటన్నర చూపిస్తాడు. ఎన్‌కౌంటర్ కేసుల్లో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాల్లో ఒకటేమిటంటే, సంఘటన జరిగిన వెంటనే అందులో ఉన్న పోలీసులకు సాహస పతకాలూ వరస తప్పించిన పదోన్నతులూ ఇవ్వకూడదు. ఆ నియమం ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే ఈ హోటల్ దృశ్యం చూపిస్తే చాలు.

మత్తుమందుల ముఠాను తరిమేశాక అవినీతి తగ్గాలి కదా? ఎలా పెరిగింది?

అందరూ అడిగేది ఇదే. సినిమాకు గుండెకాయ కూడా ఇదే.

నాసిమెంతో లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది. బస్తీలో ముఠా మత్తుమందు అమ్ముతుంది, పోలీసుకు వారం వారం మామూలు ఇస్తుంది. ముఠాను తీసేస్తే మామూలు ఇచ్చేవాడు ఉండడు, లంచగొండి పోలీసు తిండి లేక మాడతాడు. బోపెను పెద్దది చేసి, సాయుధ వాహనాలు తెచ్చి, బస్తీ తర్వాత బస్తీ ఖాళీ చేయిస్తాడు. అతనికి నిజాయతీ ఉంది, తెలివీ ఉంది.

రోషా అనే పోలీసు దీన్ని వేరేగా చూస్తాడు. ముఠా తనకిచ్చేది వాడి సంపాదనలో ఒక వాటా మాత్రమే. వాడు పోతే వాటాతో ఎందుకు సరిపెట్టుకోవాలి? పైగా మత్తుమందు కొనేది కొందరే. గ్యాసు బండ, కేబుల్ కనెక్షన్, మంచినీళ్లు, ఇంటి దాకా తీసుకెళ్లే వ్యాను కొననివాడు బస్తీలో ఉండడు. ఇక ‘రక్షణ రుసుము’ వేరే, అది కట్టకపోతే ఎవరి నుంచి రక్షణ అవసరమో కట్టనివాడికి త్వరలోనే తెలుస్తుంది. ముఠా అక్రమ వ్యాపారం మీద బతికింది, ఇతను జనం రోజువారీ బతుకు మీద బతుకుతాడు.

నిజాయతీపరుడు నేల చదును చేసి ఇచ్చాడు, దొంగ ఇల్లు కట్టుకున్నాడు. నాసిమెంతో ఓడిపోయి ఉంటే ఇది జరిగేది కాదు. అతను గెలిచాడు కాబట్టే జరిగింది. ఇంకో పది నిమిషాల్లో తను చేసిన పని తనకే అర్థమవుతుందని మనం ఎదురుచూస్తుంటాం, అతనికి మాత్రం చాలా ఆలస్యంగా అర్థమవుతుంది.

మా ప్రేక్షకుల్లో పదవీ విరమణ చేసిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నారు. సినిమా అంతా చేతులు కట్టుకుని చూసి, దీపాలు వేశాక ఒక్కటే అడిగారు: “ఆ రోషా ఆ పోస్టింగుకు ఎంత ఇచ్చి వచ్చాడో చెప్పలేదే?”

గ్యాసు బండకూ ఓట్లకూ సంబంధం ఏమిటి?

మన శాసనసభకు 119 నియోజకవర్గాలు, దేనికదే హద్దు. రియో రాష్ట్ర శాసనసభలో 70 స్థానాలు ఉన్నాయి కానీ నియోజకవర్గాలు లేవు. రాష్ట్రమంతా ఒకటే, పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు, ఆ పార్టీలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు. అక్కడ ఓటు వేయడం చట్టప్రకారం తప్పనిసరి కూడా. అలాంటి చోట నాలుగు బస్తీలు గుత్తగా చేతిలో ఉన్నవాడు ఎంత విలువైనవాడో ఆలోచించండి. గ్యాసు బండ ఎవరు తెస్తారో, ఫలానా అభ్యర్థి పోస్టరు తప్ప ఇంకో పోస్టరు గోడ మీద ఉండకుండా ఎవరు చూస్తారో, ఇద్దరూ ఒక్కరే. నాయకుడికి ఓట్లు, ముఠాకు కళ్లు మూసుకునే పోలీసు స్టేషను. డబ్బు సంచులు చేతులు మారకుండానే బేరం తెగుతుంది.

టీవీలో అరిచే ఆ లావుపాటి మనిషిని హాస్యం కోసం పెట్టారా?

ఫోర్తునాతోను చూసి మొదట అందరూ నవ్వుతారు. నేరస్థులను టీవీలో తిట్టి పేరు తెచ్చుకుంటాడు, ఆ పేరుతో ఎన్నికల్లో దిగుతాడు. రెండో సగంలో అతను ఎవరి విందుకు వెళ్తాడో చూశాక నవ్వు ఆగిపోతుంది.

## చూశాక (ముగింపు ఇక్కడ చెప్పేశాను, చూడనివాళ్లు ఆగండి)

మాతియాస్‌ను సొంత శాఖవాళ్లే ఎందుకు చంపారు?

ఎన్నికలకు ముందు తాంకె అనే బస్తీ రోషా ముఠాకు కావాలి. అక్కడ ఇంకా మత్తుమందుల ముఠా ఉంది. పోలీసు స్టేషను నుంచి ఆయుధాలు దొంగిలించి, ఆ దొంగతనం బస్తీ ముఠా మీద వేస్తారు. ఆయుధాల కోసం బోపె వస్తుంది, ముందు మాతియాస్ ఉంటాడు. దొరికిన ముఠా నాయకుణ్ణి ఎంత హింసించినా ఆయుధాల ఊసు తెలియదంటాడు. మాతియాస్‌కు అనుమానం మొదలవుతుంది. రోషా ముందు ఆ నాయకుణ్ణి, తర్వాత మాతియాస్‌ను వెనక నుంచి కాలుస్తాడు. మాతియాస్ అప్పటిదాకా ఎవరిని నమ్మి పోరాడాడో వాళ్ల తుపాకీయే అది.

విలేకరి క్లారా హత్య నాసిమెంతోకు ముందే ఎలా తెలిసింది?

ముందే కాదు, జరుగుతుండగా తెలిసింది. అతను అక్రమంగా ఫ్రాగా ఫోను వింటున్నాడు. తన మాజీ భార్యను చేసుకున్నవాడి మీద అసూయ కూడా అందులో ఉంది. ముఠా ఇంట్లో ఎన్నికల ప్రచార సామగ్రి చూసిన క్లారా అదే సమయంలో ఫ్రాగాకు ఫోన్ చేస్తుంది. తప్పుడు పనికి పెట్టిన చెవిలో నిజం పడింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చిన కల్పన ఇదే.

విచారణ సంఘం ముందు అంతా చెప్పేశాడు కదా, మరి అందరూ జైలుకు వెళ్లలేదేమిటి?

కొందరు వెళ్లారు, కొందరు చచ్చారు. అసలువాడు పార్లమెంటుకు వెళ్లాడు. బ్రెజిల్ రాజ్యాంగం ప్రకారం సభలో మూడో వంతు సభ్యులు సంతకం పెడితే విచారణ సంఘం వేయాలి. అధికార పక్షం దయ అక్కర లేదు. సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే అధికారం దానికి గట్టిగా ఉంటుంది. శిక్ష వేసే అధికారం మాత్రం లేదు, నివేదిక ప్రాసిక్యూటర్లకు వెళ్లాలి. నాసిమెంతో ఆ బల్ల ముందు కూర్చుని పేర్లు చెబుతుంటే మనకు కడుపు నిండినట్టుంటుంది. ఎన్నికల ఫలితాలు వచ్చేసరికి మళ్లీ ఆకలి వేస్తుంది.

చివర్లో ఆకాశం నుంచి చూపించిన ఊరేమిటి?

బ్రెజీలియా, ఆ దేశ రాజధాని. ఖాళీ పీఠభూమి మీద కట్టి 1960లో ప్రారంభించారు. అంతవరకూ రియోనే రాజధాని. బస్తీ సందుల్లో తిరిగిన కెమెరా ఆ విశాలమైన వీధుల మీద ముగుస్తుంది. విడుదల తేదీ కూడా గమనించండి. దేశంలో మొదటి విడత పోలింగు 2010 అక్టోబరు 3న, సినిమా 8న.

ఫ్రాగా పాత్రకు మూలం ఎవరు? మన దగ్గర అలాంటివాళ్లు ఉన్నారా?

మార్సెలో ఫ్రెయిషో. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి, మానవ హక్కుల కార్యకర్త, తర్వాత రియో శాసనసభ్యుడు. 2008 విచారణ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ఆ తర్వాత చంపుతామన్న బెదిరింపుల మధ్య ఏళ్ల తరబడి కాపలాతో తిరిగారు.

వరంగల్‌వాళ్లకు ఈ పాత్ర కొత్తేమీ కాదు. పౌరహక్కుల కోసం పోరాడిన ఇద్దరిని, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్‌ను, 1985లో తన క్లినిక్‌లోనే హత్యకు గురైన పిల్లల డాక్టరు రామనాథంను గుర్తున్నవాళ్లు మా డాబా మీద ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మొదటి అరగంటలో ఫ్రాగాను చూసి విసుక్కునే కుర్రవాళ్లకు వాళ్లే జవాబు చెబుతారు, నాకు పని తగ్గుతుంది.

సినిమా వచ్చాక అక్కడ ఏమైనా మారిందా?

మిలీసియా అనే మాట ఇంటింటికీ చేరింది. ముఠాలు పోలేదు. సినిమా వచ్చిన పది నెలలకు, 2011 ఆగస్టులో, పోలీసుల నేరాల మీద కఠినంగా ఉన్న న్యాయమూర్తి పత్రీసియా అసియోలిని ఆమె ఇంటి ముందే పోలీసులు కాల్చి చంపారు. 2018 మార్చి 14న రియో నగర కౌన్సిలరు మరియెలీ ఫ్రాంకోను, ఆమె డ్రైవరును కారులో కాల్చి చంపారు. ఆమె ఒకప్పుడు ఫ్రెయిషో కార్యాలయంలో పనిచేసినవారు. కాల్చిన మాజీ పోలీసుకు 2024 అక్టోబరులో 78 ఏళ్ల శిక్ష పడింది. చేయించారన్న ఆరోపణ మీద అదే ఏడాది మార్చిలో అరెస్టయినవాళ్లలో ఒక పార్లమెంటు సభ్యుడు, ఆయన సోదరుడు, రియో సివిల్ పోలీసు మాజీ అధిపతి ఉన్నారు. తెర మీద కల్పన అని వేసిన మాట ఇప్పుడు చదివితే ఎవరికీ నవ్వు రాదు.

మూడో భాగం ఉందా?

లేదు.

మేమూ మా స్నేహితులకు వేసి చూపించాలనుకుంటున్నాం. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

కాలేజీలో, హాల్లో నలుగురినీ పిలిచి వేస్తే హక్కుదారుల అనుమతి తీసుకోండి. పోర్చుగీసు మాటలు వేగంగా ఉంటాయి, కింద ఇంగ్లిష్ అక్షరాలు ఇంకా వేగంగా మారతాయి. ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లుంటే పక్కన ఒకరు కూర్చుని మెల్లగా చెబుతుండాలి. నిడివి రెండు గంటలకు కాస్త తక్కువ, మధ్యలో టీకి ఆపకండి, జైలు ఘట్టం తర్వాత ఆపితే తీగ తెగిపోతుంది.

డాబా మీద అయితే మొదటి పది నిమిషాలు శబ్దం తగ్గించి పెట్టండి, సినిమా తుపాకులతోనే మొదలవుతుంది. రెండోసారి వేసినప్పుడు పక్కింటి పెద్దాయన ఆ మోతకు లేచి, పిట్టగోడ మీదుగా తొంగి చూసి, “పోలీసులా, దొంగలా?” అని గట్టిగా అడిగారు. సినిమా అని చెప్పాం. మూడోసారి ఆయన సొంత కుర్చీ తెచ్చుకుని ముందు వరుసలో కూర్చున్నారు.